కెమెరా సామాను అమ్ముకున్న నెలన్నర: నా అనుభవం

నిన్న సాయంత్రం విశాఖ సిరిపురంలో చివరి లెన్సు కూడా చేతులు మారింది. మొత్తం ఒక బాడీ (అంటే లెన్సు లేని కెమెరా), నాలుగు లెన్సులు. కొన్నప్పుడు వాటికి పోసింది 3,31,000 రూపాయలు, తిరిగొచ్చింది 1,46,000. అందులోంచి 4,500 మళ్లీ రిపేరుకి పోయింది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నాను. మన ఊళ్లో ఇలాగే బీరువా నిండా కెమెరా సామాను పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

ముందు నా దగ్గర ఉన్నది నికాన్ డీ7200, 18-140 లెన్సు, 35 ఎంఎం ఎఫ్1.8. నేను తీసే ఫొటోలకి అవి చాలు. ఒక దసరా ఆఫర్‌లో నో కాస్ట్ ఈఎంఐ అన్నారని పెద్ద సెన్సారుండే ఫుల్ ఫ్రేమ్ డీ750 కొన్నాను. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ మన నెత్తినే పడతాయని తర్వాత తెలిసింది. అసలు దెబ్బ అది కాదు. చిన్న సెన్సారు కెమెరాల కోసం చేసిన పాత డీఎక్స్ లెన్సుని డీ750కి తగిలిస్తే సెన్సారు మధ్య భాగమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెల్ కాస్తా పదికి పడిపోతుంది. కాబట్టి ఆ బాడీ కోసం 24-70 ఎఫ్2.8, దాని వెనకాల 85 ఎంఎం, 50 ఎంఎం. నేవీ డే విన్యాసాల కోసమని టామ్రాన్ 150-600. బాడీ మార్చాలనుకునేవాళ్లు బాడీ ధర ఒక్కటే చూడకండి. దానికి పట్టే లెన్సులన్నిటి ధరా కాగితం మీద వేసుకున్నాకే షాపు మెట్లెక్కండి.

ఏది ఉంచాలి, ఏది అమ్మాలన్నది ఒక్క రాత్రిలో తేలిపోయింది. ఫొటోలు సర్దుకునే లైట్‌రూమ్ క్లాసిక్‌లో లైబ్రరీ ఫిల్టర్ తెరిచి, మెటాడేటాలో లెన్సు అనే వరస పెడితే ఏ లెన్సుతో ఎన్ని తీశామో చూపిస్తుంది. మూడేళ్లలో నేను దాచుకున్నవి 18,600. వాటిలో 15,900 ఆ పాత రెండు లెన్సులవే. 150-600తో తీసినవి 410. రెండు కిలోలకు దగ్గర బరువుండే లెన్సు అది. పైగా మధ్యాహ్నం సముద్రం మీద ఆవిరి ఆడుతుంటే దూరంగా ఉన్న ఓడని ఎంత మంచి లెన్సుతో తీసినా అంచులు వణికినట్టే వస్తాయి. ఇది లెన్సు తప్పు కాదు, మధ్యలో ఉన్న వేడి గాలి తప్పు.

బిల్లులు, పెట్టెలు, క్యాపులు, హుడ్లు వెతకడానికి ఒక ఆదివారం. షట్టర్ కౌంట్, అంటే షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టిందో ఆ లెక్క తీయడానికి పది నిమిషాలు. నికాన్ అయితే ఆ అంకె ఫొటోలోనే రాసి ఉంటుంది. కెమెరాలోంచి నేరుగా వచ్చిన జేపెగ్‌ని, ఫొటోలో దాగిన వివరాలు చూపించే ఎగ్జిఫ్‌టూల్‌లో తెరవాలి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో ఆ సమాచారం ఉండదు, చెరిగిపోతుంది. నా డీ750 కౌంట్ 9,412. ఆ షట్టర్‌కి కంపెనీ పరీక్షించి చెప్పిన లెక్క 1,50,000.

ఇక షాపు సంగతి.

జగదాంబ వైపు ఒక షాపుకి 24-70, 85 తీసుకెళ్లాను. పేరు రాయను. వెళ్లేముందు ఇంట్లో టార్చి వేసి రెండూ చూసుకున్నాను, నాకేమీ కనబడలేదు. కౌంటర్‌లో ఆయన 24-70 తీసుకుని, వెనక క్యాప్ విప్పి, మౌంట్ లోపలున్న చిన్న లోహపు మీటని వేలితో నొక్కి, ముందు నుంచి టార్చి వేశాడు. అప్పటికే అక్కడ నలుగురు ఉన్నారు. ఇద్దరు పెళ్లి ఫొటోగ్రాఫర్లు, ఒక కాలేజీ కుర్రాడు, వాళ్ల నాన్న. లెన్సుని వాళ్లవైపు తిప్పి, "చూశారా, ఇదే ఫంగస్. లక్ష రూపాయల లెన్సు కొని బూజు పట్టించేస్తారు, తర్వాత మా దగ్గరికి పట్టుకొస్తారు" అన్నాడు. నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా వాళ్లకి పాఠం చెప్పాడు. ఆ కుర్రాడు వంగి లెన్సులోకి చూసి, తలెత్తి నా మొహంలోకి చూశాడు. 18,000 ఇస్తానన్నాడాయన. ఆ తర్వాత 85 తీసి, దాన్లోనూ ఫంగస్ ఉందని 7,000 అన్నాడు. రెండూ బ్యాగులో పెట్టుకుని బయటికొచ్చేశాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నడిచానంటే నమ్మండి, ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

ఇంటికొచ్చి ఆయన చేసినట్టే చేశాను. అప్పుడర్థమైంది. నికాన్ జీ రకం లెన్సులకి, లోపలి రేకుల్ని తెరిచి మూసే అపర్చర్ రింగు ఉండదు. కెమెరా నుంచి విప్పితే రేకులు పూర్తిగా మూసుకుని సన్నని చిల్లు మాత్రమే ఉంటుంది. ఆ చిల్లులోంచి టార్చి వేస్తే గాజు అంచులు కనబడనే కనబడవు. వెనకున్న మీటని పక్కకి నొక్కి పట్టుకుంటే రేకులు పూర్తిగా తెరుచుకుంటాయి. చీకటి గదిలో, టార్చిని నేరుగా కాకుండా కాస్త వాలుగా వేసి, ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి చూడాలి. చూస్తే 24-70లో రెండో గాజు అంచున సాలెగూడు లాంటి తెల్లటి పోగులు, కొమ్మలు కొమ్మలుగా. నిజంగానే ఫంగస్. కానీ 85లో ఉన్నవి విడివిడి చుక్కలు. అది ధూళి. ధూళి ఏ పాత లెన్సులోనైనా ఉంటుంది, ఫొటోలో కనబడదు. ఫంగస్ పోగుల్లా పాకుతుంది. పల్చటి పొగలా గాజంతా కమ్మితే అది హేజ్. ఈ మూడూ వేరు, మూడింటి ధరా వేరు. ఆయనకి తెలియక కాదు, నా మొహం వాడిపోయి ఉందని చూసి రెండోదానికీ అదే మాట అన్నాడు. 85ని నేను 19,000కి అమ్మాను, టార్చి వేసి చూపించి మరీ.

ఫంగస్ ఎందుకొచ్చిందో కూడా చెబుతాను. గాలిలో తేమ 65, 70 శాతం దాటి, చీకటిగా, గాలి ఆడకుండా ఉంటే చాలు, అది పెరుగుతుంది. మన ఊళ్లో జూన్ నుంచి అక్టోబరు దాకా ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నేను ఆ లెన్సుని స్పాంజి ఉన్న సంచిలో పెట్టి, ఆ సంచిని బట్టల బీరువాలో పెట్టి, రెండు వర్షాకాలాలు తీయలేదు. స్పాంజి, గుడ్డ, తోలు తేమని పీల్చి పట్టుకుంటాయి. రోజూ వాడే 18-140 రుషికొండ ఇసుకలో తిరిగింది, దానికి ఏమీ కాలేదు. ఎండ, గాలి తగులుతూనే ఉన్నాయి. కొని వాడకపోతే పోయేది డబ్బొక్కటే అనుకునేవాణ్ని. వస్తువే పోతుంది. దాన్ని తయారుచేసినవాళ్ల పనితనం మన బీరువాలో కుళ్లిపోతుంది. నాకు డబ్బు కన్నా అదే ఎక్కువ బాధ.

క్లీనింగ్‌కి వేరే టెక్నీషియన్ దగ్గరికెళ్లాను. నిదానంగా వివరించాడు. ఫంగస్ ఆమ్లం వదులుతుంది, అది గాజు మీది కోటింగ్‌ని తినేస్తుంది. తొందరగా తెస్తే తుడిస్తే పోతుంది. ఆలస్యమైతే పోగులు పోయినా వాటి మచ్చ ఉండిపోతుంది. రెండు గాజులు అతికించిన చోట లోపలికి దిగితే దాదాపు చేసేదేమీ ఉండదు. నాది మధ్య రకం. 4,500 తీసుకున్నాడు, ఒక గాజు అంచున సన్నటి మచ్చ మిగిలింది. ఎండకి ఎదురుగా పెట్టి తీసి చూశాను, రేకులు పూర్తిగా తెరిచిన ఎఫ్2.8 దగ్గర కాంట్రాస్ట్ (వెలుగు నీడల తేడా) కాస్త తగ్గింది, రేకులు కొంత మూసిన ఎఫ్5.6 దగ్గర తేడా లేదు. ఆ ఫొటోలన్నీ ప్రకటనలో పెట్టాను. గాజువాక నుంచి ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ అన్నీ చూసుకునే 41,000 ఇచ్చాడు. ఆ షాపాయన చెప్పిన 18,000 ఎక్కడ, ఇదెక్కడ? అమ్మేవాడు లోపం ముందే చెబితే ధర పడిపోతుందంటారు. నా విషయంలో అలా జరగలేదు.

మిగతావి పాత సామాను అమ్ముకునే యాప్‌లో పెట్టాను. పెట్టిన గంటలో ఒకడు నేవీలో పనిచేస్తున్నానని, చూడకుండానే డబ్బు పంపిస్తానని క్యూఆర్ కోడ్ పంపాడు. డబ్బు మనకి రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ను కొట్టక్కర్లేదు. పిన్ను అడిగితే డబ్బు వెళ్తోందని అర్థం. పోయినట్టు తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

డీ750 కొనడానికి వచ్చినాయన 2015లో నికాన్ కొన్ని సీరియల్ నంబర్లకి షట్టర్ ఉచితంగా మారుస్తానని ప్రకటించిన సంగతి అడిగాడు. నాది ఆ జాబితాలో లేదని ముందే చూసి ఉంచుకున్నాను కాబట్టి పది నిమిషాల్లో 42,000కి తెగింది. 150-600కి 39,000 వచ్చింది. నా తల తిన్నది మాత్రం అన్నిటికన్నా చవకైన 50 ఎంఎం ఎఫ్1.8డీ. దానికి లోపల ఫోకస్ చేసే మోటారు లేదు, బాడీలోని మోటారే తిప్పాలి. డీ7200, డీ750లకి అది ఉంది. డీ3500, డీ5600లకి లేదు. కొన్న కుర్రాడి దగ్గర డీ5600 ఉంది. రాత్రి ఫోన్ చేసి "అన్నయ్యా, ఫోకస్ అవట్లేదు" అన్నాడు. మాన్యువల్‌గా తప్ప పనిచేయదు కాబట్టి మర్నాడే డబ్బు తిరిగిచ్చేశాను. నిన్న సిరిపురంలో ఇచ్చింది ఆ లెన్సే, డీ7100 ఉన్న ఒకమ్మాయికి, 5,000కి. కొనేవాళ్లని వాళ్ల బాడీ తెచ్చుకుని తగిలించి చూడమనండి. రసీదులో సీరియల్ నంబరు, తేదీ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

ఉంచుకున్న రెండు లెన్సులూ ఇప్పుడు తేమని అదుపులో ఉంచే చిన్న డ్రై క్యాబినెట్‌లో 45 శాతం తేమ దగ్గర ఉన్నాయి. దానికి డబ్బు పెట్టలేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, రెండు మూడు వందల గ్రాముల సిలికా జెల్, ఒక తేమ మీటరు చాలు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే 120 డిగ్రీల దగ్గర వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం పోయకండి, దుమ్ము రేగుతుంది.

ఎవరూ అడగనిది 24-70 కోసం కొన్న 77 ఎంఎం, పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని దాదాపు వెయ్యో వంతుకి తగ్గించే నల్ల గాజు) ఒక్కటే. 18-140కి ఫిల్టర్ పట్టే నోరు 67 ఎంఎం. 67 నుంచి 77కి స్టెప్ అప్ రింగు వేస్తే పట్టేసింది. 1/30 సెకను పడే వెలుగులో అర నిమిషం దాకా తెరిచి ఉంచొచ్చు. ఈ ఆదివారం పొద్దున్నే యారాడ వెళ్లి రాళ్ల దగ్గర అలలు తీస్తాను.