ఐయేయాలో పెద్దకూర

హవాయి వెళ్ళొచ్చామంటే అందరూ బీచ్ ఎలా ఉంది అనే అడుగుతున్నారు. బానే ఉంది. వైకికీలో రెండ్రోజులు తిరిగాం, ఫొటోలు దిగాం, మా ఆయనకి వీపు కాలి తోలు ఊడింది, అంతే. నాకు మాత్రం ట్రిప్పు మొత్తంలో గుర్తుండిపోయింది ఒక వంటిల్లు.

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది ఒవాహు దీవి. వాళ్ళమ్మగారు ఐయేయాలో ఉంటారు, హోనలూలూ ఊరి మధ్య నుంచి ఓ అరగంట, ట్రాఫిక్ ఉంటే గంట. కొండవాలు మీద ఇళ్ళు, కింద పెర్ల్ హార్బర్ నీళ్ళు. "హోటల్‌కి అంత పోసుకోడమెందుకు, చివరి రెండ్రోజులు మా అమ్మ దగ్గర ఉండండి, తనకీ తోచట్లేదు" అంటే సరే అనేశాం. మొహమాటపడుతూనే వెళ్ళాం గానీ గుమ్మం బయట వరసగా విడిచిన చెప్పులు చూడగానే నాకు సగం మొహమాటం పోయింది. అక్కడ కూడా ఇంట్లోకి చెప్పులేసుకుని ఎవరూ రారు, వాటిని స్లిప్పర్స్ అనే అంటారు మనలాగే. ఆవిణ్ణి ఏమని పిలవాలా అనుకుంటుంటే "ఆంటీ అను, ఇక్కడందరికీ నేను ఆంటీనే" అన్నారు. పాలమ్మే ఆవిడ నుంచి బాస్ భార్య దాకా అందర్నీ ఆంటీ అని పెరిగినదాన్ని, నాకు దీన్లో కోచింగ్ అక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే అరిజోనా మెమోరియల్‌కి వెళ్ళాం. 1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసినప్పుడు మునిగిన అమెరికా యుద్ధ ఓడ అది, ఆ ఒక్క ఓడలోనే 1,177 మంది పోయారు. ఓడ ఇంకా నీళ్ళ కిందే ఉంది, ఇప్పటికీ చుక్క చుక్కగా ఆయిల్ పైకొచ్చి రంగురంగులుగా పరుచుకుంటుంది. అది చూశాక మాట్లాడబుద్ధి కాలేదు. తిరిగొస్తూ ఆంటీ చెప్పారని పెర్ల్‌రిడ్జ్ మాల్ దగ్గర ఆగాం. ఆ మాల్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఇటు నుంచి అటు వెళ్ళడానికి చిన్న మోనోరైలు, దాని కింద చూస్తే పచ్చగా మడులు! చుట్టూ కార్ పార్కింగులు, హైవే, షాపులు, నడుమ పదెకరాల్లో వాటర్‌క్రెస్ అనే ఆకుకూర తోట. సుమిదా ఫామ్ అంటారు, 1928 నుంచి ఒకే కుటుంబం చేస్తోంది, కలావావో ఊటల నుంచి వచ్చే చల్లటి నీళ్ళు ఆ మడుల్లో నిలవకుండా పారుతూనే ఉంటాయి, ఆ పారే నీళ్ళలోనే ఆకు పెరుగుతుంది. నాకు మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో వరి నారుమడి గుర్తొచ్చింది. అక్కడైతే ఈపాటికి ప్లాట్లేసి అమ్మేసేవాళ్ళు.

ఇంటికొచ్చేసరికి ఆంటీ "సాయంత్రం హాంబర్గర్ వాటర్‌క్రెస్ చేద్దాం, నువ్వు బీఫ్ తింటావా?" అన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, కాలేజీ హాస్టల్లో, మొదటి ఉద్యోగంలో, ఇక్కడ కాలిఫోర్నియాలో తెలుగువాళ్ళ పాట్‌లక్కుల్లో. అడిగే గొంతుని బట్టి నా జవాబు మారుతూ ఉంటుంది. మా ఇంట్లో ఆదివారం చర్చి నుంచి రాగానే పెద్దకూర, అందులో గోంగూరో చుక్కకూరో వేసి. విజయవాడలో అద్దెకున్నప్పుడు అమ్మ ముందు కిటికీలు మూసి, తలుపుకి గడియేసి, ఊదొత్తులు వెలిగించి అప్పుడు కుక్కర్ పెట్టేది. ఓనరు కిందే ఉండేవాడు. ఎవరన్నా అడిగితే మటన్ అని చెప్పమని నాకూ తమ్ముడికీ ట్రైనింగ్. ఆంటీ గొంతులో మాత్రం నీకు వేరుశనగ పడుతుందా అన్నంత మామూలుతనం. "తింటాను" అన్నాను. "గుడ్" అని ఫ్రిజ్ తెరిచారు, అంతే.

హాంబర్గర్ అంటే బన్ను ఏదీ అని నేను వెతుకుతున్నా. అక్కడ ఖీమానే హాంబర్గర్ అంటారట. ఒక పౌను ఖీమా, పెద్ద పెద్ద వాటర్‌క్రెస్ కట్టలు రెండు. "ఆకు నేను కోస్తాను ఆంటీ" అని ఉత్సాహంగా కూర్చున్నా, ఇంట్లో గోంగూర వలిచినట్టే ఆకులన్నీ తుంచి గిన్నెలో వేసి కాడలు పక్కన పేపర్లో పోగేశాను, ఒక కట్ట పూర్తి చేసి రెండోది పట్టుకుంటుండగా ఆంటీ వచ్చి చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ కాడల్లోంచి ఒకటి తీసి నా చెవి దగ్గర పెట్టి విరిచారు. టప్‌మంది. "అసలు తినేదే ఇది" అన్నారు. బోలుగా, నీళ్ళతో నిండి ఉన్నాయి కాడలు. తోటకూర కాడలు పులుసులో వేసుకు తినే ఇంట్లో పుట్టి నేను చేసిన పని! ఒక ఆకు నమిలితే ఆవాకు ఘాటు ముక్కుకి తగిలింది, అది ఆవాల జాతేనట.

వంట చెప్పాలంటే మూడు ముక్కలు. బాణలి బాగా కాగాక చారెడు నూనె, దంచిన అల్లం, వెల్లుల్లి, ఒక ఉల్లిపాయ, తర్వాత ఖీమా. ఇక్కడ ఆంటీ నన్ను గరిట తిప్పనివ్వలేదు. అది ముందు నీళ్ళు వదుల్తుంది, ఆ తడి ఇగిరిపోయి అడుగున ఎర్రగా పట్టేదాకా కదపకూడదు, చిటపటలాడే చప్పుడు మారుతుంది, అప్పుడు తిప్పాలి. తేలిన కొవ్వు కొంచెం వంచేసి నాలుగైదు చెంచాల షోయూ, అంటే సోయా సాస్, ఒక చెంచా పంచదార. నేను అలవాటుకొద్దీ ఉప్పు డబ్బా మీద చెయ్యి వేస్తే ఆంటీ చేతి మీద ఒకటేశారు, షోయూలో ఉన్నది చాలంట. ఆఖర్న రెండంగుళాల ముక్కలుగా కోసిన కాడలు ఒక నిమిషం, ఆకులు వేసి స్టవ్ కట్టేయడం. కొండలా ఉన్న ఆకు ఆ వేడికే చూస్తుండగానే గుప్పెడయింది.

గుంటూరు నాలుకకి కారం లేని కూర ఏంటి అనుకుంటున్నారా, నేనూ అదే అనుకున్నా. టేబుల్ మీద ఒక పాత సాస్ సీసాలో చిల్లీ పెప్పర్ వాటర్ ఉంది, చిట్టి మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, కాస్త వెనిగర్, నీళ్ళు, అంతే. ఆంటీ రెండు చుక్కలే వేసుకున్నారు. నేను అన్నం మీద చారులా పోసుకుంటుంటే మా ఆయన కాలు తొక్కాడు. అన్నం మాత్రం వాళ్ళది ముద్దగా ఉంటుంది, కాలిఫోర్నియా రకం పొట్టి బియ్యం, ఎసరు వేలి గీతతో కొలిచారు, మా అమ్మమ్మలాగే.

ఇంకోటి మర్చిపోయా. లువావు అంటే మనం టూరిస్టు విందు అనుకుంటాం కదా, ఆ మాట అసలు చేమాకుది. ఆ ఆకు వేసి పెట్టే విందు కాబట్టి విందుకీ అదే పేరొచ్చింది. వాళ్ళ పురాణంలో చేమ మొక్క మనిషికి అన్న వరస. దురద పోవడానికి వాళ్ళు గంటలకొద్దీ ఉడికిస్తారు, మనం చింతపండు పడేస్తాం. ఆంటీకి చెప్తే కాగితం మీద రాసుకున్నారు.

తింటుండగా పక్కింటాయన గోడ అవతల నుంచి "ఏం వండావు, ఇక్కడిదాకా వాసనొస్తోంది" అని కేకేశాడు. నాకు చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆంటీ లేచి ఒక గిన్నెలో అన్నం, పైన కూర వేసి కిటికీలోంచే అందించారు. అక్కడి కిటికీలు గాజు పలకలు వరసగా పేర్చినట్టుంటాయి, అన్నీ బార్లా తెరిచే ఉన్నాయి, గాలి ఇటు నుంచి అటు పోతోంది.

రాత్రి అమ్మకి ఫోన్ చేశా. అక్కడ మధ్యాహ్నం.

"ఏం తిన్నారే?"

"పెద్దకూర. ఆకుకూర వేసి వండారు."

"గోంగూరా?"

"కాదమ్మా, నీళ్ళలో పెరుగుతుంది."

"నాచా ఏంటే కొంపదీసి!"

నవ్వి అంతా చెప్పా, కాడలు పారెయ్యబోయిందీ, పక్కింటాయన కేకేసిందీ. అమ్మ కాసేపు మాట్లాడలేదు, లైను కట్టయిందేమో అనుకున్నా.

"కిటికీలు తీసే వండారా?" అంది.