కొబ్బరినూనె పట్టిన సింగర్

మా అమ్మమ్మ వాడిన సింగర్ కుట్టుమిషను చక్రం బిగుసుకుపోవడానికి అసలు కారణం తుప్పు కాదు. ఇంట్లో ఉన్నదే కదా అని ఏళ్ల తరబడి పోసిన కొబ్బరినూనె లోపల జిగురుగా గట్టిపడటమే. నూనె రంధ్రాలలో కిరోసిన్ చుక్కలు వేసి, రాత్రంతా నాననిచ్చి, చక్రాన్ని బలవంతం చేయకుండా ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించగా నల్లని మడ్డి కరిగి కారింది. ఆ తరువాత మిషను ఆయిల్ తప్ప మరొకటి పోయలేదు. దారం ఎందుకు తరచూ చిక్కుపడేదో, కింది దారపు కండె ఉండే షటిల్ చుట్టూ దట్టంగా పేరుకున్న పీచును పట్టకారుతో లాగినప్పుడు అర్థమైంది. బంగారు రంగు పూలబొమ్మలు చెరుగుతాయని పైభాగానికి కిరోసిన్ తగలనివ్వలేదు. పాత మిషనుకు కొత్త రంగు వేయించడం నాకు బొత్తిగా నచ్చదు. సీరియల్ నంబరును బట్టి ఇది స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్‌లో, 1980లో మూతపడిన కర్మాగారంలో తయారైందని తెలిసింది. తోలు బెల్టు మార్చాక, నాలుగు మడతల జీన్సు గుడ్డను కూడా కుట్టు తప్పకుండా కుడుతోంది.