నన్ను ముంచిన అర మిల్లీవోల్టు

పరీక్ష ఫలితాలు నిన్న వచ్చాయి. రెండో ప్రయత్నంలో గట్టెక్కాను. ప్రణాళిక చెప్పమని చాలామంది అడుగుతున్నారు. సిలబస్ మీకు తెలిసిందే, కాబట్టి నిరుడు నన్ను ముంచిన ఒక్క ప్రశ్న గురించే రాస్తాను.

అంశం ఎలక్ట్రోపొరేషన్, అంటే విద్యుత్ క్షేత్రంతో కణం పైపొరకు, అదే త్వచానికి, రంధ్రాలు పెట్టడం. 10 మైక్రోమీటర్ల వ్యాసార్ధం ఉన్న గుండ్రటి కణాన్ని సెంటీమీటరుకు 1 కిలోవోల్టు క్షేత్రంలో ఉంచితే, త్వచం మీద గరిష్ఠంగా ఎంత వోల్టేజి ఏర్పడుతుంది? త్వచం మందం 5 నానోమీటర్లని కూడా ఇచ్చారు. ఇచ్చారు కదా అని వాడేశాను. క్షేత్రాన్ని మందంతో గుణిస్తే అర మిల్లీవోల్టు. ఆప్షన్లలో మొదటిదే అది! ఇంకేముంది, ధైర్యంగా గుర్తు పెట్టేశాను. నాడీకణం ఊరికే కూర్చున్నప్పుడే దాదాపు 70 మిల్లీవోల్టులు మోస్తుందని చదివినవాడికి, అర మిల్లీవోల్టుతో త్వచానికి చిల్లు పడదని తట్టొద్దూ?

ఫలితం చూశాక వారం రోజులు ఆ ప్రశ్నతోనే కూర్చున్నాను. చివరికి కాగితం మీద ఒక గుండ్రం గీశాను. లోపల ఉప్పునీరు, బయట ఉప్పునీరు, మధ్యలో పలచటి కొవ్వు పొర. ఉప్పునీటిలో విద్యుత్తు పారుతుంది, కొవ్వులో పారదు. అందుకే కణం వెడల్పంతటా పరుచుకోవాల్సిన వోల్టేజి వచ్చి త్వచం మీదే పడుతుంది. లెక్కలోకి రావాల్సింది మందం కాదు, వ్యాసార్ధం. ఒకటిన్నర ఇంటూ క్షేత్రం ఇంటూ వ్యాసార్ధం ఇంటూ కాస్ తీటా. తీటా అంటే క్షేత్రం దిశతో త్వచం మీది ఆ చోటు కణం కేంద్రం దగ్గర చేసే కోణం. ఎలక్ట్రోడ్లకు ఎదురుగా ఉన్న కొసల్లో కాస్ తీటా విలువ 1, అంటే 1.5 వోల్టులు. నా జవాబుకు 3000 రెట్లు! నడుమ భాగంలో సున్నా. రంధ్రాలు ముందు కొసల్లోనే ఎందుకు పడతాయో బొమ్మే చెప్పింది.

బాక్టీరియాకు రంధ్రాలు పడాలంటే క్షేత్రం సెంటీమీటరుకు 10 కిలోవోల్టులు దాటాలని అంతకుముందు బట్టీ పట్టాను. వ్యాసార్ధం అంత చిన్నదైతే దాటక ఏం చేస్తుంది? 1982లో శాస్త్రవేత్త న్యూమన్ బృందం ఎలుక కణాల్లోకి ఇలాంటి రంధ్రాల గుండానే జన్యువును పంపిందన్నది కూడా ఆ తర్వాత మరిచిపోలేదు. మిగతా యూనిట్లంటారా, పాత ప్రశ్నపత్రాలు, అంతే.

ఒక్క అంశానికి వారం తగలేశావా అన్న మిత్రులున్నారు. తగలేశాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేజీలు తిప్పడమే క్రమశిక్షణ అనుకునేవారితో నాకు వాదన లేదు, లేచాక ఒక్క బొమ్మైనా గీస్తున్నారా అనే అడుగుతాను.

ఈసారి కణాలకిచ్చే విద్యుత్ పల్స్ మీద అడిగారు: కెపాసిటర్ 25 మైక్రోఫారడ్లు, నిరోధం 200 ఓమ్‌లు, పల్స్ ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే టైమ్ కాన్‌స్టంట్ ఎంత? రెంటినీ గుణిస్తే 5 మిల్లీసెకన్లు. చాలా సులువు. నిరుడు అర మిల్లీవోల్టు కూడా ఇంతే సులువుగా వచ్చింది. మూడుసార్లు గుణించి చూసుకున్నాకే గుర్తు పెట్టాను.