ఫార్చునర్ ఇంటర్‌కూలర్‌ని ఇంజన్ మీద నుంచి ముందుకు మార్చిన నా అనుభవం

మా ఇంట్లో ఉన్నది పాత తరం ఫార్చునర్, 3.0 డీజిల్. 2982 సీసీ ఇంజన్, 171 పీఎస్ పవర్, 343 న్యూటన్ మీటర్ల టార్క్. ఈ బండి బానెట్ మీద పెద్ద గాలి మూతి కనిపిస్తుంది కదా, అది అందానికి పెట్టింది కాదు. దాని కిందే, సరిగ్గా ఇంజన్ నెత్తిన, ఇంటర్‌కూలర్, అంటే టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పంపు) నుంచి వచ్చే గాలిని చల్లబరిచే జాలీ, పడుకుని ఉంటుంది. బండి పరుగెత్తేటప్పుడు ఆ మూతిలో దూరిన గాలి ఇంటర్‌కూలర్ గుండా కిందికి దిగి దాన్ని చల్లబరుస్తుంది. హైవే మీద ఎనభై, తొంభై స్పీడులో పోతుంటే ఈ ఏర్పాటుకు వంక పెట్టడానికి లేదు. మే నెలలో ఏసీ వేసుకుని, మనుషులు నిండుగా ఎక్కి, గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడే దాని అవస్థ బయటపడుతుంది.

మా తోట రాయచోటి వైపు. కడప నుంచి పోవాలంటే ఆ ఘాట్ తప్పదు. లోడు లారీ వెనకాల రెండో గేరులో పాకుతూ పోతుంటే బానెట్ మూతిలోకి గాలి వచ్చే దారే ఉండదు. కింద ఇంజన్ సెగ మాత్రం ఆగదు. పొయ్యి మీద పెట్టిన కుండలో నీళ్లు చల్లారాలని చూసినట్టుంటుంది పరిస్థితి. లారీ పక్కకు జరిగి దారి ఇచ్చాక యాక్సిలరేటర్ తొక్కితే బండి బరువుగా కదిలేది, వెనకాల పొగ వచ్చేది. ఓవర్‌టేక్ చేసే ఆ కొద్ది దూరంలో ఎదురుగా మలుపు ఉంటే ఎంత టెన్షనో ఆ ఘాట్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

అసలు ఈ వేడి ఎక్కడి నుంచి వస్తుందో ఒక్క లెక్క చెప్తాను. బయట 42 డిగ్రీలున్న గాలిని టర్బో రెండింతల ఒత్తిడికి నొక్కిందనుకోండి. నొక్కడం వల్లనే గాలి వేడెక్కుతుంది. టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేసినా బయటికొచ్చే గాలి 140 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడి గాలి పలచన. ఇంజన్‌కు కావలసింది గాలి బరువు, ఉబ్బు కాదు. ఆ 140ని 70కి దించగలిగితే అదే సిలిండర్‌లో అదే ఒత్తిడికి 20 శాతం ఎక్కువ గాలి పడుతుంది. ఇంటర్‌కూలర్ చేసే పని ఇదే. అది తనే వేడెక్కి కూర్చుంటే టర్బో పడ్డ కష్టంలో సగం వృథా.

నాకు ఈ విషయం మీద ఇష్టం పుట్టించింది మాత్రం ఫార్చునర్ కాదు, మాజ్డా ఆర్ఎక్స్-7. రోటరీ ఇంజన్ కారు. పిస్టన్లు ఉండవు, మూడు మూలల రోటర్లు రెండు తిరుగుతాయి. ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1308. దాని రెండో తరంలో, అంటే ఎఫ్‌సీలో, టర్బో మోడల్‌కి ఇంటర్‌కూలర్ అచ్చం మా బండిలాగే ఇంజన్ మీద, బానెట్ మూతి కింద ఉంటుంది. 1991లో వచ్చిన ఎఫ్‌డీలో దాన్ని ముందు ఒక పక్కకు మార్చారు, కానీ సైజు చిన్నది. అందుకే ఆ కార్లున్నవాళ్లు ఏళ్ల తరబడి ఇంటర్‌కూలర్‌ని ఎక్కడ పెట్టాలా అని తలలు బద్దలు కొట్టుకున్నారు. రోటరీకి అది చావుబతుకుల సమస్య. లోపలికి పోయే గాలి వేడెక్కితే పెట్రోలు ముందే పేలుతుంది, ఆ దెబ్బకు రోటర్ మూలల్లో ఉండే ఎపెక్స్ సీళ్లు విరుగుతాయి, ఇంజన్ విప్పాల్సిందే.

వాళ్ల అనుభవం నుంచి నేను పట్టుకున్నది ఒక్కటే. ఇంటర్‌కూలర్‌ని ముందుకు తేవడం పెద్ద విద్య కాదు, దాని వెనక పడే రేడియేటర్ ఊపిరి ఆడేలా చూడటమే అసలు పని. రోటరీ ఇంజన్ నీళ్లలోకీ ఆయిల్‌లోకీ చాలా వేడి వదులుతుంది. ఇంటర్‌కూలర్‌ని తెచ్చి రేడియేటర్ ముందు నిలబెడితే గాలి చల్లబడుతుంది, ఇంజన్ ఉడుకుతుంది. దానికి విరుగుడుగానే రెండింటినీ వీ ఆకారంలో వాల్చి, ఎవరి గాలి వాళ్లకు వచ్చేలా అమర్చే పద్ధతి పుట్టింది. మా బండిలో వీ ఆకారానికి చోటు లేదు. కానీ ఎవరి గాలి వాళ్లకు అనే సూత్రం మాత్రం కడపలో కూడా చెల్లుతుంది.

నాయన మొదట ఒప్పుకోలేదు. బండి ఆయనది. "కంపెనీ వాళ్లకు తెలీక పైన పెట్టినారా?" అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పైన పెడితే పైపులు పొట్టివి, ముందు నుంచి రాళ్లు తగలవు, చిన్న యాక్సిడెంట్ అయినా ఇంటర్‌కూలర్ పగలదు, రేడియేటర్‌కి అడ్డం ఉండదు. ఇవన్నీ మంచి కారణాలే. "వాళ్లు అన్ని ఊళ్లకూ కలిపి చేసినారు నాయనా, మనం మన ఘాట్‌కి చేసుకుందాం. ముందు కొలిచి చూపిస్తా, తేడా లేకపోతే వద్దులే" అన్నాను. కొలవడానికైతే సరేనన్నాడు.

ఈ మాట గట్టిగా చెప్తున్నాను. కొలవకుండా బంపర్ విప్పొద్దు. బండి కంప్యూటర్ లెక్కలు చూపించే ఓబీడీ స్కానర్ పెడితే చాలనుకోవద్దు, ఎయిర్ ఫ్లో మీటర్‌లోని సెన్సర్ చూసేది టర్బోకి ముందు గాలిని. మనకు కావలసింది ఇంజన్‌లోకి దూరే చోటి గాలి. అందుకని ఇన్‌టేక్ దగ్గర పైపులో కే-టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఒకటి బిగించి, మీటర్ లోపల డ్యాష్‌బోర్డు మీద పెట్టాం. మార్పు తర్వాత కూడా అది అదే చోట ఉండాలి, లేకపోతే పోలికకు అర్థం లేదు. కూలెంట్ వేడి మాత్రం స్కానర్‌లో చూసుకోవచ్చు.

కొలిచే ముందు ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందు ఉండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందు కడిగించాం. తోట దారుల దుమ్ము, పురుగులు, ఎండు గడ్డి అట్టలా కట్టి ఉన్నాయి. అది కడగడంతోనే కూలెంట్ కాస్త దిగింది. ఇంటర్‌కూలర్ వైపు మాత్రం ఏ తేడా లేదు. బయట 41 డిగ్రీలున్న మధ్యాహ్నం ఘాట్ పైభాగంలో లారీ వెనకాల నెమ్మదిగా ఎక్కుతుంటే లోపలికి పోయే గాలి 95 దాటింది. మీటర్ నాయనే చూశాడు. ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

మా మెకానిక్ అన్న షెడ్డు బైపాస్ వైపు ఉంది. లారీల పని ఎక్కువ చేసినవాడు. లారీల్లో ఇంటర్‌కూలర్ ముందే ఉంటుంది కాబట్టి ఆయనకు ఇది కొత్త కాదు. నేను బార్ అండ్ ప్లేట్ రకం, అంటే పట్టీలు, పలకలు పేర్చి కట్టిన ఇంటర్‌కూలర్, తెప్పిద్దామనుకుంటున్నా అంటే ఆయన ఒప్పుకోలేదు. "అది దిట్టంగా ఉంటాది అబ్బీ, వేడి బాగా పట్టుకుంటాది. కానీ దాని గుండా గాలి పోదు. రేడియేటర్ ముందర గోడ కట్టినట్టు అవుతాది. ట్యూబు, ఫిన్ను రకం పల్చటిది తీసుకో." ఆయన చెప్పిందే తెచ్చాం. రెండున్నర అంగుళాల లోపు మందం, ఎత్తు తక్కువ, కండెన్సర్‌లో సగానికి మించి కప్పకుండా. పెద్దది పెడితే ఎక్కువ చల్లబడుతుందనేది ఖాళీ రోడ్డు మీద నిజం. నిలిచిపోయిన ట్రాఫిక్‌లో కాదు.

పైపుల వ్యాసం రెండున్నర అంగుళాలు. పైపు పొడవైతే పికప్ చస్తుందని చాలామంది భయపెట్టారు. లెక్క వేసుకుంటే భయం పోయింది. 2000 ఆర్‌పీఎమ్ దగ్గర 3 లీటర్ల ఇంజన్ సెకనుకు దాదాపు 50 లీటర్ల గాలి మింగుతుంది. అదనంగా వచ్చిన రెండు మీటర్ల పైపులో పట్టేది ఆరు లీటర్ల పైచిలుకు. అంటే సెకనులో ఎనిమిదో వంతు పని. నడిపేటప్పుడు అది నా కాలికి తెలియలేదు. పైపు పొడవు కంటే వంపులే ఎక్కువ చెడుపు చేస్తాయి, అందుకే మొనదేలిన మూల ఒక్కటి కూడా లేకుండా నున్నటి వంపులే వాడాం.

బంపర్ విప్పే ముందు బ్యాటరీ తీశాం, ముందు ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు అక్కడే ఉంటాయి కాబట్టి. వాటిని కదిలించలేదు. బంపర్ వెనకాల ఉండే ఇనుప దూలాన్ని కొంచెం కోస్తే ఇంటర్‌కూలర్ సులువుగా కూర్చుంటుందని షెడ్డులో కుర్రవాడు అన్నాడు. మెకానిక్ అన్న గట్టిగా వద్దన్నాడు. గుద్దుకున్నప్పుడు మనల్ని కాపాడేది అదే. బ్రాకెట్లనే మార్చి, రబ్బరు బుష్‌ల మీద ఇంటర్‌కూలర్‌ని వేలాడదీశాడు.

అసలు చిక్కు పైపు చివరల దగ్గర వచ్చింది. అల్యూమినియం పైపు చివర నున్నగా ఉంటే క్లాంపు ఎంత బిగించినా బూస్ట్ (టర్బో ఒత్తిడి) వచ్చినప్పుడు హోస్ ఊడిపోతుంది. చివర చుట్టూ ఉబ్బు రేఖ ఉండాలి. ఆ మిషన్ మా దగ్గర దొరకలేదు. ఆర్గాన్ వెల్డింగ్ ఆయన పైపు అంచు చుట్టూ సన్నటి వెల్డు తిప్పి, ఆకురాయితో నున్నగా చేసి ఇచ్చాడు. మిషన్ పని కంటే తక్కువేమీ కాదు. పాత ఇంటర్‌కూలర్ కూర్చున్న చోట కొత్త పైపు కలపడానికి లేత్ షాపులో ఒక అడాప్టర్ తీయించాం.

హోస్‌ల విషయంలో పీనాసితనం పనికిరాదు. టర్బో నుంచి వచ్చే వేడి వైపు మామూలు రబ్బరు నిలవదు. సిలికాన్ నిలుస్తుంది, కానీ టర్బో గాలిలో ఎప్పుడూ కొంచెం ఆయిల్ తుంపర ఉంటుంది, ఉత్త సిలికాన్ దాన్ని పీల్చి చెమ్మ కారుస్తుంది. లోపల ఫ్లోరో పూత ఉన్నది అడిగి తీసుకోవాలి. ఇంజన్ తన బుష్‌ల మీద ఊగుతుంది, ఇంటర్‌కూలర్ బాడీకి బిగించి ఉంటుంది. మధ్యలో ఉబ్బు ఉన్న మెత్తటి హోస్ లేకపోతే ఆ ఊపంతా వెల్డు మీద పడి పగులుతుంది. ఫ్యాన్ ఇంజన్ బలంతో తిరిగేది కాబట్టి పైపుకూ రెక్కలకూ మధ్య ఇంజన్ ఊగినా తగలనంత ఎడం వదిలాం. చల్లబడిన గాలి పైపుని సైలెన్సర్ వైపు సెగకు దూరంగా తిప్పాం.

బంపర్ బిగించే ముందు ప్రెజర్ పరీక్ష చేశాం. ఒక చివర మూత బిగించి, రెండో చివర టైరు వాల్వు పెట్టి, కంప్రెసర్‌తో 1.5 బార్ ఎక్కించి సబ్బు నీళ్లు చల్లాం. ఒక వెల్డు దగ్గర బుడగలు లేచాయి. విప్పి మళ్లీ వెల్డ్ చేయించాం. ఈ పరీక్ష వదిలేస్తే ఆ సన్నటి కారుడు పొగగా, తగ్గిన మైలేజీగా బయటపడేది, కారణం వెతకడానికి నెలలు పట్టేది.

తర్వాత ఆర్ఎక్స్-7 వాళ్ల పాఠం. గ్రిల్ వెనకాల ఇంటర్‌కూలర్ చుట్టూ, కండెన్సర్ చుట్టూ ఉన్న సందులన్నీ అల్యూమినియం రేకుతో, ఫోమ్‌తో మూసేశాం. గాలి సులువైన దారి చూసుకుని పక్కనుంచి జారిపోతుంది, దాన్ని కోర్ (మధ్య జాలీ) గుండానే పోయేలా చేయాలి. చూడటానికి చిన్న పనే, నా లెక్కలో మాత్రం మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. బానెట్ మూతిని లోపలి నుంచి రేకుతో మూశాం, వాన నీళ్లు నేరుగా ఇంజన్ మీద పడకుండా.

అదే ఘాట్, దాదాపు అంతే ఎండ, అదే బరువు. లోపలికి పోయే గాలి 60 దగ్గర నిలిచింది. 95 నుంచి 60 అంటే పది శాతం ఎక్కువ గాలి. కూలెంట్ మునుపటి కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించింది, భయపడాల్సినంత కాదు. కడపలో ఏడురోడ్ల దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఏసీ చల్లదనం కాస్త తగ్గింది, కదలగానే సర్దుకుంటుంది. ఇంత మార్పుకు ఆ మాత్రం ఇచ్చుకోక తప్పదు.

పవర్ పెరిగిందా అని అందరూ అడుగుతారు. డీజిల్ ఎంత పోయాలో ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, నిర్ణయిస్తుంది కాబట్టి గాలి చల్లబడినంత మాత్రాన హార్స్‌పవర్ గుట్టగా రాదు. పోగొట్టుకుంటున్నది తిరిగి వస్తుంది. పోసిన డీజిల్‌కు సరిపడా గాలి ఉంటే పొగ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడి తగ్గి టర్బోకి మేలు. ఘాట్ కింద ఉన్నంత చురుగ్గానే పైన కూడా బండి కదులుతోంది, నాకు కావలసింది అదే. ఆ కంప్యూటర్ లెక్కలు మార్చి పవర్ పెంచే రీమ్యాప్ చేయిస్తామని వచ్చినవాళ్లను వద్దన్నాను.

ఖర్చు దాదాపు 45 వేలు, అందులో పెద్ద భాగం ఇంటర్‌కూలర్‌దీ హోస్‌లదీ. వారంటీ ఉన్న బండికైతే నేను ఈ పని చేయమని చెప్పను. ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలు ఏవీ మారలేదు, అయినా ఇన్సూరెన్స్ వాళ్లకు లెటర్ రాసి, అందినట్టు రసీదు తీసుకున్నాం.

ఇక చూసుకోవాల్సినవి కొన్ని. వేడెక్కి చల్లారాక క్లాంపులు వదులవుతాయి, మొదట్లో ఒకటి రెండుసార్లు బిగించుకోవాలి. ముందు ఫిన్నుల్లో పురుగులు పేరుకుంటాయి, నీళ్లు మెల్లగా పోసి కడగాలి, ప్రెజర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్నులు వంగిపోతాయి. సర్వీసుకి పోయినప్పుడల్లా కింది హోస్ విప్పి లోపల ఆయిల్ ఎంత నిలిచిందో చూడాలి. తడిగా ఉంటే మామూలే. ధారగా కారితే అది టర్బో సీలు సంగతి, దాన్ని చూపించకుండా బండి నడపకూడదు. ఆ ఆయిల్‌నే ఇంజన్ డీజిల్‌లా తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. పాత ఇంటర్‌కూలర్‌ని కడిగి, ఆరబెట్టి, మూతులు మూసి అటక మీద పెట్టాం. బండి అమ్మాల్సి వస్తే కొనేవాళ్లు ఏది కావాలంటే అది బిగించి ఇవ్వొచ్చు.