కలిసి వెళ్లి విడివిడిగా తిరిగిన జపాన్

జపాన్ వెళదామన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు, ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తెలిసిన చిక్కు ఒకటుంది. అక్కకూ బావగారికీ పెళ్లయి ముప్ఫై ఏళ్లు దాటింది. తమ్ముడూ మరదలూ పిల్లలను మొదటిసారి అమ్మమ్మ దగ్గర వదిలి బయలుదేరుతున్నారు. పిన్ని కూతురికి పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు. ఈ మూడు జంటలతో పాటు నేనూ నా భార్యా, ప్రభుత్వ పాఠశాలలో చరిత్ర చెప్పి రిటైరైన మా పిన్నీ. "కొత్త దంపతుల వెనక నేనెందుకురా, మీరు వెళ్లి రండి" అని పిన్ని మొదట్లోనే ఖండితంగా అన్నది. ఆమెను ఒప్పించడానికే మేము ప్రణాళికను తిరగేసి రాయవలసి వచ్చింది: ఏయే చోట్లు కలిసి చూడాలన్నది పక్కన పెట్టి, ఏయే పూటలు ఎవరికి వారు విడిపోవాలన్నది ముందుగా ఖాయం చేసుకున్నాము. ఆ పట్టికలో పిన్నికి కూడా తన సొంత పూటలు ఉన్నాయని చూశాకే ఆమె పాస్‌పోర్టు బయటికి తీసింది.

నవంబరు నెలాఖరును ఎంచుకోవడానికి పైకి చెప్పుకున్న కారణం ఎర్రబారే మేపుల్ ఆకులు. అసలు మేలు చేసింది మాత్రం సూర్యాస్తమయం. ఆ రోజుల్లో టోక్యోలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. ఉదయం నుంచి మధ్యాహ్న భోజనం దాకా అందరమూ కలిసి తిరిగి అక్కడితో విడిపోతే, దీపాలు వెలిగిన నగరంలో ప్రతి జంటకూ అయిదారు గంటల సొంత సమయం దొరుకుతుంది. వేసవిలో వెళ్లినవారికి ఈ సౌకర్యం ఉండదు. పైగా నవంబరు మధ్యనుంచే మరునౌచి, రొప్పోంగి వంటి ప్రాంతాలలో చెట్లకు చలికాలపు దీపాలంకరణ మొదలవుతుంది. జపాన్‌లో క్రిస్మస్ ముందు రాత్రి కుటుంబాల పండుగ కంటే ఎక్కువగా ప్రేమికుల రాత్రి. ఆ సందడి ఛాయలు నెల ముందునుంచే వీధుల్లో కనిపిస్తాయి.

బసకు ఉయెనో స్టేషను పరిసరాలను ఎన్నుకున్నాము. నరిటా విమానాశ్రయం నుంచి స్కైలైనర్ రైలు అక్కడికి నేరుగా, నలభై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా చేరుస్తుంది. నగరాన్ని చుట్టి వచ్చే యమనోటే లైను అక్కడ ఆగుతుంది కనుక ఏ జంట ఎటు వెళ్లినా రాత్రి తిరిగి రావడం సులువు. హోటలు గదుల సంగతి మాత్రం జంటలుగా వెళ్లేవారు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. అక్కడ 'సెమీ డబుల్' అని అమ్మే గదిలో మంచం వెడల్పు సాధారణంగా 120 సెంటీమీటర్లే. కొత్త దంపతులు సర్దుకుంటారేమో కానీ, నడుము నొప్పి ఉన్న బావగారికి అది సరిపడదు. వారికి రెండు మంచాల 'ట్విన్' గది తీసుకున్నాము. పిన్నికి ఒంటరి గది దొరకడం ఏమాత్రం కష్టం కాలేదు. ఒంటరి ప్రయాణికుల కోసమే కట్టిన చిన్న గదులు జపాన్ నగరాలలో కొల్లలుగా ఉన్నాయి కనుక, మన దగ్గరలా ఇద్దరి గదికి ఒక్కరే అద్దె కట్టవలసిన అవసరం ఉండదు.

టోక్యోలో మొదటి ఉదయం అసకుసాలోని సెన్సోజీ ఆలయంతో ప్రారంభమైంది. పెద్ద ఎర్ర లాంతరు వేలాడే కమినారిమోన్ ద్వారం దగ్గర అందరమూ కలిసి ఫొటోలు దిగి, సుమిదా నదిపై పడవలో ఒకదాని వెనక ఒకటిగా వంతెనల కింది నుంచి సాగి హమరిక్యూ ఉద్యానవనానికి చేరాము. సముద్రపు పోటుపాట్లతో నీరు పెరిగి తగ్గే కొలను మధ్యన ఉన్న టీ గృహంలో మచ్చా అనే పచ్చని టీ తాగాము. ఆ తర్వాత తొమ్మిది మంది ఒకేచోట భోజనానికి కూర్చోవాలన్నప్పుడు జపాన్ స్వభావం మాకు తెలిసివచ్చింది. వంటవాడికి ఎదురుగా ఎనిమిదో పదో కుర్చీలు వేసిన చిన్న హోటళ్లే అక్కడ ఎక్కువ. మేమంతా కూర్చుంటే ఆ హోటల్లో ఇంకెవరికీ చోటుండదు. డిపార్ట్‌మెంట్ స్టోర్ల పై అంతస్తులలో ఉండే రెస్టారెంట్ల వంటి చోట్లనే పెద్ద బృందానికి బల్లలు కలిపి వేస్తారు. అంటే మేము విడిపోవాలని ముందే అనుకోకపోయినా, ఆకలి వేసేసరికి ఆ నగరం మమ్మల్ని ఇద్దరిద్దరుగా విడదీసి ఉండేదే.

సాయంత్రాలు ఎవరి అభిరుచి వారిది. కొత్త జంట షిబుయా స్కై పైకి వెళ్లారు. 229 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పైకప్పుకు వేళల వారీగా టిక్కెట్లు అమ్ముతారు, సూర్యాస్తమయపు వేళవి అన్నిటికంటే ముందు అయిపోతాయి కనుక వాటిని ఇంటి దగ్గరే కొనిపెట్టుకున్నాము. బావగారు మాత్రం పైనుంచి చూడడానికి డబ్బు కట్టడమేమిటని అక్కను షిన్‌జుకులోని టోక్యో మహానగర ప్రభుత్వ భవనానికి తీసుకువెళ్లారు. 202 మీటర్ల ఎత్తున, 45వ అంతస్తులో ఉన్న ఆ వీక్షణ మందిరానికి రుసుము లేదు. ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుని పిల్లల చదువుల గురించి కాకుండా వేరే మాటలు మాట్లాడుకున్నామని అక్క తర్వాత నవ్వుతూ చెప్పింది. నేనూ నా భార్యా మెయిజీ జింగూ గైయెన్‌లోని గింకో చెట్ల బాటలో నడిచాము. రెండు వైపులా పసుపు ఆకులు, కింద కూడా పసుపు పరుపే. రద్దీ ఉన్నమాట నిజమే, కానీ ఆ రద్దీలో మమ్మల్ని ఎరిగినవారు ఒక్కరూ లేరు. మన ఊళ్లలో భార్యాభర్తలు చేతులు పట్టుకుని నడవాలంటే ఏ వయసులోనైనా ఉండే బిడియం, బంధువుల కళ్లు దాటగానే ఇంత తేలికగా పోతుందని నేను ఊహించలేదు.

ఆ పూటలలో పిన్ని ఏం చేసిందన్నది మా అందరికంటే ఆసక్తికరమైన కథ. ఉయెనో పార్కు హోటలుకు నడక దూరంలోనే ఉంది. అక్కడి పాశ్చాత్య కళల జాతీయ మ్యూజియం భవనాన్ని లె కోర్బూజియే రూపొందించాడు. అది 1959లో పూర్తయింది. 2016లో యునెస్కో ఆయన కట్టడాలను వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ భవనమూ చండీగఢ్‌లోని క్యాపిటల్ కాంప్లెక్సూ ఒకే నమోదులో చోటు చేసుకున్నాయి. ఈ విషయం ఆ రాత్రి భోజనాల దగ్గర పిన్ని మాకు పాఠంలా చెప్పింది. అదే పార్కులో షినోబజు కొలను మధ్య ద్వీపంలో బెంజైతెన్ గుడి ఉంది. చేత వీణలాంటి బివా పట్టుకున్న ఆ దేవత బౌద్ధంతో పాటు జపాన్ చేరిన మన సరస్వతే. ఆ దేవత అసూయపడుతుంది కనుక ఆమె కొలనులో జంటగా పడవ ఎక్కిన ప్రేమికులు విడిపోతారని టోక్యోలో ఒక నమ్మకం ఉంది. కిచిజోజీలోని ఇనోకషిరా కొలను విషయంలో ఇది మరీ ప్రసిద్ధం. పిన్ని అల్లుడు హంస పడవ ఎక్కుదామని సరదాపడి, ఈ మాట విని వెనక్కి తగ్గాడు. "బాసరలో అక్షరాభ్యాసం చేసుకున్నవాడివి, నీ మీద ఆ తల్లికి అసూయ ఎందుకుంటుంది నాయనా, ఎక్కండి" అని పిన్ని అభయమిచ్చింది. ఎక్కారు. ఇప్పటికైతే కలిసే ఉన్నారు.

ఒక సాయంత్రం మాత్రం అందరమూ కలిసి నిషి కసాయి వెళ్లాము. 2000 సంవత్సరం ప్రాంతం నుంచి భారతీయ సాఫ్ట్‌వేర్ కుటుంబాలు స్థిరపడుతూ వచ్చిన ప్రాంతమది. అక్కడ తెలుగు మాట చెవిన పడటానికి ఎక్కువసేపు వేచి ఉండనక్కరలేదు. శాకాహారులున్న బృందానికి ఇటువంటి పూట ఒకటి ప్రణాళికలో ఉండడం అవసరం. జపాన్ వంటలో కూరగాయల పులుసుకు కూడా ఆధారం దాషి అనే రసం, అది ఎక్కువగా ఎండుచేపతో తీసింది. పైకి కనబడదు కనుక వడ్డించేవారికి అది మాంసాహారమన్న ఆలోచనే రాదు.

ప్రణాళికలో అసలైన విరామం టోక్యోకూ క్యోటోకూ మధ్య పెట్టుకున్న రాత్రి. ఆ రాత్రి ప్రతి జంటా తమకు నచ్చిన చోట ఉండాలని, పెద్ద సామానును మాత్రం 'తక్యూబిన్' అనే సామాను చేరవేత సేవలో క్యోటో హోటలుకు ముందే పంపేయాలని అనుకున్నాము. చిన్న సంచులు భుజాన వేసుకుని పెట్టెల బెడద లేకుండా తిరగగలగడం జంటల ప్రయాణానికి ఆ దేశం చేసే అతి పెద్ద ఉపకారమని నా అభిప్రాయం. అక్క, బావగారు యోకొహామాలో ఓడరేవు కనిపించే గది తీసుకున్నారు. 112.5 మీటర్ల ఎత్తున్న కాస్మో క్లాక్ చక్రం ఎక్కడమే కాక, యమషితా పార్కులో 1939లో భారతీయులు కట్టించిన నీటి గోపురాన్ని కూడా చూసి వచ్చారు. 1923 మహాభూకంపంలో తమను ఆదుకున్న నగరవాసులకు అక్కడి భారతీయ వర్తకులు చెల్లించిన కృతజ్ఞత అది. కొత్త జంట ఎనోషిమా ద్వీపానికి వెళ్లి, ప్రేమికులు కలిసి మోగించే గంటను మోగించి, పక్కనున్న కంచెకు పేర్లు రాసిన తాళం వేశారు. తమ్ముడు, మరదలు డిస్నీ సీ అనే వినోద ఉద్యానవనంలో గడిపారు. పిల్లలు లేకుండా అక్కడికి వెళ్లిన విషయం పిల్లలకు చెప్పవద్దని మా అందరి దగ్గర మాట తీసుకున్నారు.

నేనూ నా భార్యా షిన్‌జుకు నుంచి రొమాన్స్‌కార్ అనే రైలు ఎక్కి, గంటన్నర లోపే వేడినీటి ఊటల ఊరు హకోనె యుమోతోలో దిగాము. బస ర్యోకాన్‌లో, అంటే జపాన్ సంప్రదాయపు వసతి గృహంలో. వేడినీటి స్నానాల గురించి మన దంపతులు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: సాధారణ స్నానశాలలు ఆడవారికీ మగవారికీ వేరువేరు, ఒంటిమీద నూలుపోగు లేకుండా దిగాలి. భార్యాభర్తలు కలిసి స్నానం చేయాలంటే గంట లెక్కన అద్దెకిచ్చే 'కషికిరి' స్నానాల గది ఉన్న ర్యోకాన్‌నో, గదికే తొట్టి ఉన్న దానినో వెతుక్కోవాలి. భోజనంలో చేప రసం వద్దని ముందుగా రాస్తే కొందరు తమ వల్ల కాదని మర్యాదగా చెప్పారు. ఒప్పుకున్నవారి దగ్గరే దిగాము. టోఫు, పుట్టగొడుగులు, తామర దుంపలు, కొండ ప్రాంతపు ఆకుకూరలు చిన్న చిన్న గిన్నెలలో వరుసగా వస్తూనే ఉన్నాయి. మాకిచ్చిన యుకతా అనే నూలు అంగీకి ఎడమ అంచు పైకి రావాలని వడ్డించే ఆవిడ నా భార్యకు సైగలతో చూపింది. కుడి అంచు పైకి వేయడం శవానికి మాత్రమేనట. మర్నాడు ఒవకుదానిలో గంధకపు ఊటలలో ఉడికి నల్లబడిన గుడ్లను, ఒక్కటి తింటే ఏడేళ్ల ఆయుష్షు పెరుగుతుందని అమ్ముతున్నారు. ఇద్దరికీ సమానంగా పెరిగితేనే తింటానని నా భార్య షరతు పెట్టింది.

ఆ రాత్రి పిన్నిని ఒంటరిగా వదలడానికి బావగారికి మనసొప్పలేదు. "అత్తయ్యగారూ, మీరు మాతో యోకొహామా రండి" అని పట్టుబట్టారు. "ముప్ఫై ఏళ్లకు మీకు దొరికిన రాత్రి బాబూ, నాకూ దొరికిన రాత్రే" అని ఆమె తేల్చేసింది. రైళ్లలో టిక్కెట్టుకు బదులు వాడే సుయికా కార్డు, ఫోనులో మ్యాపు, హోటలు చిరునామా రాసిన కాగితం ఉంటే టోక్యోలో అరవై దాటిన ఆడమనిషి రాత్రి తొమ్మిదింటికి కూడా నిశ్చింతగా తిరగవచ్చునని ఆమే రుజువు చేసింది.

క్యోటో ప్రయాణానికి విదేశీ యాత్రికులకు అమ్మే రైల్ పాస్ కొనలేదు. 2023 అక్టోబరులో ఏడు రోజుల సాధారణ పాస్ ధర 29,650 యెన్‌ల నుంచి 50,000కు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు నొజోమి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) టిక్కెట్టు సుమారు 14,000 యెన్‌లే. ఒసాకా నుంచి తిరుగు విమానం ఎక్కేవారికి పాస్ దండగ. సాధారణ పెట్టెలో వరుసకు ఒక పక్క మూడు సీట్లు, మరో పక్క రెండు. ఫుజి పర్వతం కనిపించేది రెండు సీట్ల పక్కన. నాలుగు జంటలకూ ఆ పక్కనే ఒకరి వెనక ఒకరికి సీట్లు దొరికాయి, వారి వెనక వరుసలో కిటికీ సీటు పిన్నిది. ఫుజి కనిపించిన కొద్ది నిమిషాలు తొమ్మిది మందీ మళ్లీ ఒకే బృందమయ్యారు.

ఆకులు ఎర్రబారిన వారంలో క్యోటో కిటకిటలాడుతుంది, హోటళ్ల ధరలూ అలాగే ఉంటాయి. నెలల ముందు గదులు తీసుకోకపోతే వెళ్లడం అనవసరం. ఫుషిమి ఇనారి ఆలయానికి రాత్రింబగళ్లు తలుపులుండవు కనుక తెల్లవారకముందే వెళ్లి వేలాది ఎర్ర తోరణాల కింద దాదాపు మేమే నడిచాము. కియొమిజు ఆలయపు రాత్రి దీపాల దర్శనానికి మాత్రం వరుసలో నిలబడక తప్పలేదు. ఆ నగరంలో నాకు బాగా నచ్చింది కామో నది గట్టు. సంజో, షిజో వంతెనల మధ్య సాయంత్రమయ్యేసరికి జంటలు వచ్చి కూర్చుంటారు. ఎవరూ గీత గీయకపోయినా జంటకూ జంటకూ మధ్య దూరం కొలిచినట్టు సమానంగా ఉంటుంది. కొత్తగా ఒక జంట వస్తే ఖాళీకి సరిగ్గా నడుమ కూర్చుంటుంది. మా నాలుగు జంటలూ అదే పద్ధతి పాటించాయి. ఇంత పొందికైన ఏకాంతం ఏ రిసార్టూ అమ్మలేదు. ఆ వేళకు పిన్ని గదిలో కాళ్లు చాపుకుని ఉంది. మధ్యాహ్నమంతా సంజూసంగెన్దో ఆలయంలో కరుణకు ప్రతీకైన బోధిసత్వుడు కన్నన్ విగ్రహాలు 1,001 ముందు నిలబడి, వాటిని కాపలా కాసే 28 మంది దేవతలలో వేణువూదుతున్న గరుత్మంతుణ్ణి గుర్తుపట్టి వచ్చింది.

ఒసాకాలో ఎక్కువసేపు గడపలేదు. ఉమెదా స్కై భవనం పైన, దోతొంబోరి దీపాలలో అందరమూ కలిసే ఉన్నాము. అప్పటికి ఎవరికీ విడిపోవాలన్న ఆత్రం లేదు. కన్‌సాయి విమానాశ్రయంలో తమ్ముడు పద్దు తేల్చాడు. రైళ్లు, కలిసి తిన్న భోజనాలు ఉమ్మడి ఖర్చు, జంటల పూటల ఖర్చు ఎవరిది వారిదే అన్న నియమం ముందే ఉండడంతో వాదనలు రాలేదు. ఇల్లు చేరిన కొన్నాళ్లకు హిరోషిమా, మియాజిమా ప్రయాణానికి పిన్ని తానే ఒక పట్టిక రాసి కుటుంబ గ్రూపులో పెట్టింది. అందులో మా పేర్లు మధ్యాహ్న భోజనాల దగ్గర మాత్రమే ఉన్నాయి.