కంచాలు రాగానే స్పీకర్ ఆపేశాను

మొన్న శనివారం సాయంత్రం మా డాబా మీద పదకొండు మంది స్నేహితులు భోజనానికి కూర్చున్నారు, నాతో కలిపితే పన్నెండు. వసంతం వచ్చిందంటే ఒక్క సాయంత్రమైనా ఇలా అందర్నీ కూర్చోబెట్టి, తిండి పెట్టి, పాటలు వినాలని నాకు ఏటా ఉంటుంది. చలికాలమంతా ఫోన్లలో పలకరించుకుంటూ గడిపేస్తాం. ఎదురెదురుగా కూర్చుంటే ఆ మాటలే వేరు.

మార్చి 20 దరిదాపుల్లో పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉంటాయి కదా, పగలు రోజురోజుకీ గబగబా పెరిగేది కూడా అప్పుడే. అందుకే నెల కిందటి లెక్క పెట్టుకోకుండా, పొద్దు ఎప్పుడు గుంకుతుందో చూసుకుని దానికి గంట ముందు రమ్మన్నాను. వచ్చినవాళ్ళు వెలుతురుండగానే ఒకరి మొహాలొకరు తీరిగ్గా చూసుకోవాలి. చీకటి పడుతుంటే దీపాలు అందరం కలిసి వెలిగించాలి. ఆ పది నిమిషాలంటే నాకు ప్రాణం.

వంటకి పెద్ద కష్టపడలేదు. చల్లగా తినేవన్నీ ఉదయమే చేసి ఫ్రిజ్‌లో పెట్టాను, వేడిగా తినాల్సినవి రెండే రెండు. వండినవి రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు కాబట్టి అన్నీ ఒకేసారి పైకి చేర్చకుండా చిన్న గిన్నెల్లో విడతలవారీగా తెచ్చాను. అలా చేయడం వల్ల వంటింటికీ డాబాకీ తిరుగుతూనే ఉండిపోకుండా నేనూ వాళ్ళ మధ్య కూర్చోగలిగాను.

నేను ఎక్కువ ఆలోచించింది సంగీతం గురించి. పోయినేడాది భోజనాల బల్ల పక్కనే స్పీకర్ పెట్టాను. మంచి పాటలే, ఏరి ఏరి పెట్టుకున్నవే. కాసేపటికి అందరి గొంతులూ పెరిగాయి. పాట వినపడటం లేదని నేను సౌండ్ పెంచాను, దానికి వాళ్ళు ఇంకా గట్టిగా మాట్లాడారు. బల్ల చివర కూర్చున్న నా స్నేహితురాలిది మెత్తటి గొంతు. నలభై దాటాక ఈత నేర్చుకున్న సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్ళు "ఏంటీ?" అన్నారు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ "ఏంటీ?" అన్నారు. మూడోసారి చిన్నగా నవ్వి, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి కంచంలోకి చూసుకుంది. ఆ చెయ్యి ఊపడం ఏడాదంతా నన్ను వదల్లేదు.

చుట్టూ చప్పుడుంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని 1911లో లోంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు గమనించి రాశాడు, అందుకే ఆయన పేరుతోనే లోంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. అంటే నా పాటలే నా స్నేహితురాలి మాటని మింగేశాయి. అందుకని ఈసారి స్పీకర్‌ని మెట్ల దగ్గర, బల్లకి దూరంగా పెట్టాను. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. వచ్చేవాళ్ళకి స్వాగతంగా ఆ మాత్రం చాలు. కంచాలు పెట్టగానే పూర్తిగా ఆపేశాను. పొడుగ్గా ఒక వరసలో కాకుండా రెండు బల్లలు పక్కపక్కన కలిపి చదరంగా వేశాను, అందరికీ అందరూ కనిపించేలా.

ఆపిన వెంటనే ఒక్క క్షణం వెలితిగానే అనిపించింది. తర్వాత చెంచాల చప్పుడు, ఎవరో నీళ్ళు వంపుతున్న చప్పుడు, మాటలు. నేనే అడిగాను, "ఈత సంగతి చెప్పవే, పోయినసారి సగంలోనే ఆపేశావు" అని. మొదటిరోజు నీళ్ళలో మొహం పెట్టడానికే నలభై నిమిషాలు పట్టిందట. గోడ పట్టుకున్న చెయ్యి వదలడానికి రెండు వారాలు. మిగతా పదకొండు మందిమీ తినడం ఆపి విన్నాం.

భోజనాలయ్యాక అసలు సంగీతం. ఒకతను ఫ్లూట్ తెచ్చాడు, ఇంకొకామె గిటార్. ఇద్దరూ సాయంత్రమే కింద హాల్లో శ్రుతి కలుపుకున్నారు. పైకొచ్చి మొదలుపెడితే కలవలేదు. వినేవాళ్ళ మొహాలు చూస్తే నాకు టెన్షన్. వసంతంలో పగలు ఎంత వెచ్చగా ఉన్నా ఆకాశం తేటగా ఉంటే పొద్దు గుంకాక ఇట్టే చల్లబడుతుంది. చలికి గిటార్ ఉక్కు తీగలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. ఫ్లూట్‌ది దీనికి తలకిందులు: చల్లటి గాలిలో ధ్వని నెమ్మదిస్తుంది కాబట్టి శ్రుతి కిందికి దిగుతుంది, ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి అరస్వరంలో, అంటే హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య తేడాలో, సుమారు మూడు శాతం. ఒకటి పైకి, ఒకటి కిందికి. ఎలా కలుస్తాయి?

అతను ఫ్లూట్‌ని శాలువా కింద పెట్టుకుని, పలికించకుండా వెచ్చటి ఊపిరి ఊదుతూ కూర్చున్నాడు. ఆమె గిటార్ తీగల్ని ఒక్కొక్కటే సవరించుకుంది, బిరడాలు కనిపించేలా ఇంకొకరు దీపం దగ్గరగా పట్టుకున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. ఐదారు నిమిషాలకి ఫ్లూట్ ఒక స్వరం పట్టింది, గిటార్ దాని మీద సరిగ్గా వాలింది. నా ఒళ్ళు జలదరించింది.

పక్కింటివాళ్ళకి రెండు రోజుల ముందే చెప్పి, పదింటికల్లా ఆపేస్తామని మాటిచ్చాను. చెప్పినట్టే పదికి ఆపేశాం. ఆపాక అతనికి ఆకలేసింది. మిగిలిన పళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుంటూ ఫ్లూట్ నా చేతికిచ్చి, "కాస్త పట్టుకో, కింద పెట్టకు" అన్నాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది.