కమాను కట్టలో నాలుగు పట్టీలు

శనివారం, జనవరి

పొద్దున ఆరున్నరకి గ్యారేజీ తలుపు పైకి లేచిన చప్పుడుకి మెలకువ వచ్చింది. కిందకి దిగి చూస్తే నాన్న మంకీ క్యాపు పెట్టుకుని, స్వెట్టరు మీద నా పాత జర్కిను తొడుక్కుని, ఇసుక దిబ్బల మీద నడపడానికి నేను కొన్న చిన్న బండి, బగ్గీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. అరిజోనాలోని ఈ చాండ్లర్‌లో జనవరి పొద్దుటి చలి బెజవాడ ఒంటికి ఓ పట్టాన మింగుడు పడదు. నవంబరులో దిగిన రోజు నుంచీ "ఎండల ఊరన్నావు కదరా" అని దెప్పుతూనే ఉన్నారు.

"ఎన్నింటికి మొదలెడదామన్నావు?"

"ఎనిమిదికి నాన్నా."

"ఎనిమిదికి మొదలెడితే ఎప్పటికి దింపుతావు? కాఫీ తాగి రా పో."

నలభై ఏళ్ళు ఆటోనగర్లో లారీ షెడ్డు నడిపిన మనిషి. నేను చిప్పులు తయారుచేసే కంపెనీలో చేరాక నా చేతికి ఇక గ్రీజు అంటదని ధీమాగా ఉన్నారు. మూడేళ్ళ కిందట మా వీధి చివరి పెద్దాయన దగ్గర ఈ బగ్గీ కొన్నానని ఫోన్లో చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈ మాట షెడ్డు అమ్మకముందు చెప్పాల్సిందిరా" అన్నారు.

ఇక్కడివాళ్ళకి ఈ బండ్ల పిచ్చి పాతదే. కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో బ్రూస్ మేయర్స్ అనే ఆయన 1964లో ఫైబర్‌గ్లాసుతో ఒక తొట్టి పోసి దానికి ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజనూ చక్రాలూ తగిలించాడు. ఆ తర్వాత బీటిల్ అడుగుపలకనే మధ్యలో 14 అంగుళాల పైచిలుకు కోసి, అతికి, దాని మీద తొట్టి బిగించే పద్ధతి పెట్టాడు. 1967లో మెక్సికోలో తిహువానా నుంచి లా పాజ్ దాకా మొదటి ఎడారి పందెం పెడితే ఆయన తయారుచేసిన 'మాంక్స్' రకం బగ్గీయే 27 గంటల 38 నిమిషాల్లో గెలిచింది. ఇక కాపీ కొట్టనివాడు పాపాత్ముడు. కోర్టుకెక్కితే పేటెంటు నిలబడలేదు. నాదీ ఆ కాపీల్లో ఒకటే, పోసిందెవరో ఎక్కడా ముద్ర లేదు. అడుగుపలక మాత్రం అసలుసిసలు 1963 బీటిల్‌ది.

డిసెంబరు సెలవుల్లో దాన్ని కాలిఫోర్నియాలోని గ్లామిస్ ఇసుక దిబ్బలకి తీసుకెళ్ళాం. గీలా బెండ్, యూమా మీదుగా దాదాపు నాలుగు గంటల ప్రయాణం. నలభై మైళ్ళకి పైగా దిబ్బలే. కొన్ని మూడొందల అడుగుల ఎత్తుంటాయి. అవతలి వాలులో ఎవడొస్తున్నాడో కనపడదు కాబట్టి ప్రతి బండికీ నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తున జెండా ఎగరాల్సిందే. నాన్నని పక్కన కూర్చోబెట్టి, బెల్టులు బిగించి బయల్దేరాను. దిబ్బల మధ్య బాటల్లో బండ్లు తిరిగీ తిరిగీ ఇసుక వరసగా గట్లు కడుతుంది. వీళ్ళు వూప్స్ అంటారు. వాటి మీదకి వెళ్ళేసరికి ముందు చక్రాలు దిగి ఎక్కడం మానేసి గెంతడం మొదలెట్టాయి. గెంతినప్పుడల్లా స్టీరింగు చేతిలో గాలిపటం దారంలా తేలిపోతోంది. గాల్లో ఉండగా పొట్టి షాకబ్జర్ చివరికంటా సాగి 'ఠక్'మంటోంది. ఆ దెబ్బ దవడలో తెలుస్తోంది.

షాకబ్జర్లు పోయాయన్నాను నేను. అప్పటికే ఓ మూడు వేల డాలర్ల కిట్టు మీద మనసు పడ్డాను, ఇదే సాకు అనుకున్నాను కూడా. నాన్న కిందకి దిగి, ముందు బంపరు మీద రెండు చేతులూ ఆనించి ఒళ్ళంతా వేసి నొక్కారు. బండి ముక్కు ఇంచు కూడా దిగలేదు.

"ఇది ఖాళీ లారీరా," అన్నారు.

ఖాళీ లారీ వెనక ఎక్కినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. గుంటలో పడితే మనిషి అడుగెత్తు లేస్తాడు. అదే లారీకి పది టన్నులు ఎత్తితే పల్లకీలా పోతుంది. కుదుపులు మింగే ఉక్కు పట్టీల స్ప్రింగు, అదే కమాను, కట్టేది లోడు కోసం. ఈ బీటిల్ ముందు కమాను కూడా తలుపులూ డిక్కీ రేకూ స్టెప్నీ అన్నీ ఉన్న కారు కోసం కట్టింది. అవన్నీ పీకేసి ప్లాస్టిక్ తొట్టి పెట్టిన మేం కమానుని మాత్రం అలాగే వదిలేశాం.

"అసలు దీనికి కమాను ఎక్కడుందిరా?" అని ఆరోజే అడిగారు. బండి ముందు అడ్డంగా ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టంలో సన్నటి ఉక్కు పట్టీల కట్ట. మధ్యలో ఒక మర బిగించి కట్ట తిరక్కుండా పట్టి ఉంచుతారు, రెండు కొసలకీ చక్రాల చేతులు తగిలిస్తారు. చక్రం పైకి లేస్తే ఆ కట్ట మెలితిరుగుతుంది. ఫెర్డినాండ్ పోర్షే 1930లలో వేసిన ఎత్తు. చెప్పగానే నాన్న మొహం విప్పారింది. "వంచకుండా మెలిపెట్టాడన్నమాట! గడుసు వెధవే." ఆయన మెచ్చుకోలు ఇంతకంటే ఎప్పుడూ ఎక్కువుండదు.

మూడు వేల కిట్టు అక్కడే పక్కకి పోయింది. కొత్త బీమ్, అంటే ఆ రెండు గొట్టాల జత, ఒకటి తెప్పించాను. దాని గొట్టాల మధ్య మరని కాస్త అటూ ఇటూ జరిపి బండి ఎత్తు పెంచుకునే అడ్జస్టరు ఉంటుంది. షాకబ్జర్ తగిలించే కొమ్ములు కూడా పాతవాటికంటే ఎత్తు. దానికి తగ్గ పొడుగు షాకబ్జర్లు, చక్రాల చేతుల కొసల్లో కీళ్ళలా ఉండే లింక్ పిన్నులు కొత్తవి, వాటి బుష్‌లు. పాత కమాను కట్టలే మళ్ళీ వాడాలి, కాకపోతే పలచన చేసి.

కాఫీ తాగి వచ్చేసరికి జాకీ ఎత్తేసి, కింద రెండు స్టాండ్లు పెట్టి, అవీ చాలనట్టు చక్రాలు రెండూ ఊడదీసి పలక కిందకి తోశారు. "జాకీని నమ్మిన మేస్త్రీలు ఇద్దర్ని మోశాన్రా నేను," అన్నారు, పానా నా చేతికిస్తూ. ఎవర్ని, ఎప్పుడు అని అడగబుద్ధి కాలేదు.

విప్పడం తొందరగానే అయింది. బ్రేకు గొట్టాలు, చక్రాలని స్టీరింగుకి కలిపే టై రాడ్లు, పై గొట్టం మీద కూర్చున్న స్టీరింగు బాక్సు, చివరగా పలక మూతికి పట్టి ఉంచే నాలుగు బోల్టులు. పాత బీమ్‌ని ఇద్దరం ఎత్తి నేల మీద పెట్టాక అసలు కథ మొదలైంది. కింది గొట్టం మధ్య మర ససేమిరా అంది. అరవయ్యేళ్ళుగా కదలని మర. ఇంకోసారి తిప్పితే గాడి అరిగిపోయేలా ఉంది. నేను డ్రిల్లు కోసం లేచాను.

"ఆగరా. కొవ్వొత్తి ఉందా ఇంట్లో?"

మా అమ్మాయి పుట్టినరోజుకి తెచ్చిన గులాబీరంగు కొవ్వొత్తులున్నాయి. టార్చితో మర చుట్టూ ఇనుము వేడెక్కించి, మంట తీసేసి, కొవ్వొత్తి కొసని మర అంచుకి ఆనించారు. మైనం కరిగి సందులోకి పీల్చుకుపోవడం కళ్ళకి కనిపించింది. సన్నగా పొగ లేచింది. సుత్తితో రెండు చిన్న దెబ్బలు, బిగించే వైపు ఓ వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు. 'కిర్రు'మని వదిలింది. గ్యారేజీ అంతా బర్త్‌డే పార్టీ వాసన.

సరిగ్గా అప్పుడే వీధి చివరి పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చారు. ఆయనకి డెబ్బై నాలుగు, మా నాన్నకి అరవై ఎనిమిది. ఒకాయనకి తెలుగు రాదు, ఇంకొకాయన ఇంగ్లీషు సామాన్ల పేర్ల దగ్గర ఆగిపోతుంది. నాన్న చక్రం బిగించే ఇరుసు ముక్కని (స్పిండిల్) ఊడదీసినది చూపించి, అది పక్కకి తిరగడానికి ఉండే పిన్ను పేరు "కింగ్ పిన్" అన్నారు. ఆయన పిన్ను పట్టుకుని ఊపి చూసి తల అడ్డంగా ఊపారు. బాగానే ఉంది, వదులు లేదని. తర్వాత లింక్ పిన్ను ఊపి మొహం చిట్లించారు. అరగంట పాటు ఇద్దరూ అలాగే మాట్లాడుకున్నారు. నేను అనువాదం చేయబోతే ఇద్దరూ నావైపు విసుగ్గా చూశారు.

కట్టలు బయటకి లాగితే లోపలి గ్రీజు ఎండి తారుముద్దలా ఉంది. ఒక్కో కట్టలో పెద్ద పట్టీలూ చిన్న పట్టీలూ కలిసి ఉంటాయి. పై గొట్టంలోంచి రెండు చిన్నవి, కింది గొట్టంలోంచి రెండు చిన్నవి తియ్యాలని అనుకున్నాం. ఊరికే తీసేస్తే కుదరదు. కొసల్లోనూ మధ్యలోనూ కట్ట నిండుగా లేకపోతే చతురస్రపు గాడిలో వదులైపోయి మర పట్టదు. కాబట్టి తీసిన పట్టీల కొసలూ మధ్య భాగమూ పొట్టి ముక్కలుగా కోసి, ఆ మూడు చోట్లా తిరిగి పెట్టాలి. మిగతా పొడవంతా ఖాళీ.

గ్రైండరు నాన్నే పట్టుకున్నారు. కోస్తున్నప్పుడు మొహంలో ఏదో ఇబ్బంది. ఆపి, కళ్ళద్దాలు పైకి తోసుకుని అన్నారు: "ఇసుక లారీల వాళ్ళూ గ్రానైట్ లారీల వాళ్ళూ వచ్చి, ఇంకో పట్టీ ఎక్కించు మేస్త్రీ అని చంపుకుతినేవాళ్ళు. వద్దయ్యా, చాసీ పోతుందంటే వినేవాళ్ళు కాదు. పట్టీ తియ్యమని అడిగినోడు నా సర్వీసులో ఒక్కడు లేడురా." మళ్ళీ గ్రైండరు మొదలెట్టారు.

మధ్యాహ్నం అమ్మ గ్యారేజీ గుమ్మం దాటకుండానే కేకేసింది, పప్పు చల్లారిపోతోందని. నాన్న గిన్నెలు తోమే సబ్బులో పంచదార కలిపి మోచేతుల దాకా రుద్దుకున్నారు. అమ్మ చక్కెర డబ్బా వైపు చూసి ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక అనడమే.

భోజనాలయ్యాక లింక్ పిన్నుల దగ్గర రెండు గంటలు పోయాయి. పై చేయి కొసా కింది చేయి కొసా ఒకే నిలువు గీతలో ఉండవు. ఆ తేడా కొలిచి, దాన్నిబట్టి పిన్నుకి లోపలి వైపు ఎన్ని రింగులు, బయటి వైపు ఎన్ని రింగులు అని పంచుకోవాలి. అదే చక్రం వాలుని తేలుస్తుంది. లెక్క కుదిరాక చూస్తే పెట్టెలో రెండు రింగులు తక్కువ. కొన్న షాపుకి ఫోన్ చేస్తే సోమవారం చూస్తామన్నారు. శనివారం మధ్యాహ్నం బండి పొట్ట విప్పుకుని కూర్చున్నవాడికి సోమవారం ఎందుకండీ? పెద్దాయన మాట్లాడకుండా ఇంటికెళ్ళి పాత కాఫీ డబ్బా తెచ్చారు. అందులో తాను ముప్పై ఏళ్ళుగా విప్పిన ప్రతి బండి తాలూకు రింగులూ ఉన్నాయి. నాన్న డబ్బా లోపలికి చూసి నవ్వారు. మా షెడ్డులో ఇలాంటిదే బోర్నవీటా డబ్బా ఉండేది.

గ్రీజు పట్టించడం చీకటి పడే వేళకి. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే కొట్టాలి. నేల మీద నిలబెట్టి కొడితే బరువు మోసే వైపు పిన్ను బుష్‌కి అదుముకుని ఉంటుంది కాబట్టి, గ్రీజు చేరాల్సిన చోటికే చేరదు. గన్ను నేను కొడుతుంటే నాన్న ప్రతి కీలు దగ్గరా వేలు పెట్టి, బయటకొచ్చేది నల్లగా ఉన్నంతసేపూ "ఇంకా", తెల్లబడగానే "చాలు".

దించాక ముక్కు బాగా కుంగింది, పట్టీలు తగ్గాయి కదా. అడ్జస్టరు రెండు పళ్ళు తిప్పితే సరైన ఎత్తుకి వచ్చింది. నాన్న బంపరు మీద చేతులు ఆనించి నొక్కారు. అరచెయ్యెడు దిగింది, లేచింది, ఒక్కసారి ఊగి ఆగింది. ఆయన చెయ్యి తీయకుండా ఇంకో రెండుసార్లు నొక్కారు. అవసరం లేదు, ఊరికే. ఇసుకలో ఎలా ఉంటుందో ఫిబ్రవరిలో గానీ తెలీదు. చక్రాలు రెండూ దారం కట్టి సూటిగా పెట్టడం, బ్రేకుల్లో గాలి తీయడం రేపటికి మిగిలాయి.

రాత్రి పడుకోబోతుంటే మేడ మీద వాళ్ళ గదిలోంచి మాటలు. నాలుగు పట్టీలు కోస్తే ఎనిమిది పొడుగు ముక్కలు మిగిలాయి, ఒక్కోటి మూరెడు లేదు. నాన్న వాటిని శుభ్రంగా తుడిచి న్యూస్‌పేపర్లో చుట్టి సూట్‌కేసు అడుగున పెట్టారట. కమాను ఉక్కు ఎక్కడ పడితే అక్కడ దొరకదట, ఊళ్ళో కమ్మరి చేత చాకులు కొట్టించాలట.

"అమెరికా వచ్చి ఇనుప ముక్కలు మోసుకెళ్తారా? కత్తిపీట అయినా అవుతుందా?"

"అవదు. వేలెడు వెడల్పు లేదు. కూరగాయల చాకులవుతాయి."

"బరువెంతుంటుంది?"

బాత్రూం కాటా నేల మీద పెట్టిన చప్పుడు.

"కిలో చిల్లర."

"కిలో! నా బాదంపప్పు ఎక్కడ పెట్టను మరి?"

వాళ్ళు వెళ్ళేది ఏప్రిల్లో.